ఎనిమిది బై పన్నెండు, మ్యాట్

టోలీచౌకిల మా ల్యాబ్ షటర్
సగం దించిన యాళ్లకు వచ్చిండు ముసాబ్.
పారామౌంట్ కాలనీల ఉంటడు, ఫార్మసీ చదువుతడు.
వీసా గడువు దగ్గర పడ్డప్పుడల్లా
పాస్‌పోర్ట్ సైజు ఫొటోలకు వస్తడు.
ఈసారి ఫోన్ చాపిండు.
"ఆపా, ఎనిమిది బై పన్నెండు. మ్యాట్."
వాని ఉర్దూ ఇక్కడ నేర్చుకున్నదే,
అందుకే దాంట్ల మా బస్తీ 'నక్కో' ఉంటది.

ఒందుర్మాన్. వాళ్ల వాడకట్టు.
మూడు గోడల గది. నాలుగో గోడ జాగాల ఆకాశం.

నేను ముందుగాల వెలుతురు చూస్త.
ముప్పై ఏండ్ల సంది
మొహాల మీది మచ్చలు తీసే పని నాది, అలవాటయింది.
ఎండ ఎడమ దిక్కు నుంచి పడుతున్నది,
కుర్చీ నీడ కుర్చీ కంటె పొడుగున్నది.
పొద్దున ఏడు, ఏడున్నర.
అంటే
ఆ రాత్రి గడిచింది.

తర్వాత అంచులు చూస్త.
నడుమ నిలవడ్డ మనుషులకు
ఫొటో దిగుతున్నమని తెలుసు,
అంచున పడ్డ వస్తువులకు తెల్వది.
కుడి దిక్కు వంగిన ఇనుప చువ్వలు,
ఒకదాని మీద ఆరేసిన తువ్వాల.
ఎడమకు నీళ్ల డబ్బా, మూత గట్టిగ బిగించి.
కింద దుమ్ము. దుమ్ముల చీపురు గీతలు,
కుర్చీ చుట్టూ మాత్రమే, గుండ్రంగ.
ఊరంత ఊడ్వడం ఎవరి వశం?
కుర్చీ పట్టేంత మేర ఊడ్చుకున్నడు.

నడుమ మంగలి. కుర్చీల ఒక ముసలాయన.
"గీసేటాయన మా మామ," అన్నడు ముసాబ్,
"కూసున్నాయన ఎవరో తెల్వది."

నిజం చెప్తున్న, నాకేం అనిపించలే.
యుద్ధం ఫొటోలు రోజూ వస్తయి పేపర్ల,
వాటి మీదనే చాయ్ కప్పు పెడతం.

రెండింతలు పెంచి చూసిన.
గొంతు.
ముసలాయన తల వెనక్కి వాల్చిండు, కండ్లు మూసిండు.
గొంతు మీద నురగ, నురగ మీద కత్తి.
ఎవలు ఎవల్ని ఎందుకు చంపుతున్నరో
లెక్క తప్పిపోయిన ఊర్ల
ఒక మనిషి ఇంకో మనిషి చేతికి గొంతు అప్పజెప్పి
కునుకు తీస్తున్నడు.

మౌస్ మీద నా చెయ్యి ఆగింది.

శాలిబండల కర్ఫ్యూ సడలించిన రెండు గంటలు
అందరు పాలకు, ఉప్పుకు ఉరికితే
మా నాయిన గడ్డం గీయించుకోను పోయిండు,
గల్లీ దాటి, ఖాదర్ దుకాణానికి.
అమ్మ ఎన్నో ఏండ్లు తిట్టింది, పాలు తేలేదని.
ఇంటికొచ్చిన నాయిన చెంపల మీద పటిక వాసన.
దానికి ఫొటో లేదు.

"గోడ పెట్టాల్నా? పది నిమిషాల పని," అన్న.
"గోడ నక్కో ఆపా.
మామ చెయ్యి మసకగున్నది, అది తేట చెయ్యి.
భయానికి వణికిందేమో."

మళ్ల చూసిన, ఇంకా దగ్గరికి తెచ్చి.
వణికిన చెయ్యి రెండు దిక్కుల చెదురుతది,
అంచులు జంటగ పడతయి.
ఈ మసక ఒక్క దిక్కే పోతున్నది,
మెడ కింది నుంచి గదమ మీదికి, ఒకటే గీతల.
"ఇది వణుకు కాదు బేటా," అన్న,
"పని మీదున్న చెయ్యి. దీన్ని నేను ముట్ట."

వాడు చానసేపు మాట్లాడలే.
తర్వాత చెప్పిండు, తీసింది చెల్లె అని.
పంపినంక నాలుగు దినాలకు నెట్‌వర్క్ పోయిందని.
ఇయ్యాల్టికి ఇరవై రెండో దినమని.

ఆ డబ్బాల నీళ్లెన్ని ఉన్నయో
ఏ ప్రోగ్రాంల పెంచినా కనవడది.
చెల్లె వెనక ఏమున్నదో ఫ్రేమ్‌ల లేదు.
నాకు చదవొచ్చింది ఆ ఒక్క పొద్దు,
సెకండ్ల అరవయ్యో వంతు.

మిషన్ నుంచి వెచ్చగ వచ్చింది ప్రింట్.
అంచులు పట్టుకొని చూసుకున్నడు,
పైసలు గల్లా మీద పెట్టిండు,
షటర్ కింద వంగబోయి ఆగి
పెరిగిన గడ్డం మీద చెయ్యి తిప్పుకుంట
రోడ్డు అవతలి సెలూన్
ఇంకా తెరిచి ఉంటదా అని అడిగిండు.